అందంగానూ, అందేట్టుగానూ

ఈ దేశంలో పుస్తకాల అరలు సర్దటం కూడా ఒక విద్యే. దానికి షెల్ఫ్ స్టైలింగ్ అని పేరు. గోడలకు రంగు మార్చకుండా, కొత్త సోఫా కొనకుండా, బీరువాలో ఉన్న వస్తువుల్నే అటువి ఇటూ ఇటువి అటూ పెట్టి గదికి కొత్త కళ తెప్పించటం ఆ విద్య సారాంశం. తీసిపారేసేదేమీ కాదు. పైసా ఖర్చు లేదు, ఒక శనివారం మధ్యాహ్నం చాలు. మంచు పడే నాలుగు నెలలూ ఇల్లు కదలని మా మిషిగన్ వాళ్ళకు ఈమాత్రం కాలక్షేపం అవసరం కూడాను. పోయిన చలికాలంలో మా ఇంట్లో ఆ ప్రయత్నం జరిగింది. మన తెలుగు పుస్తకాలకూ ఆ విద్యకూ ఎక్కడ పొత్తు కుదిరిందో, ఎక్కడ పేచీ వచ్చిందో చెబితే మన సభ్యులకు ఉపయోగపడవచ్చునని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందుగా వాళ్ళ సూత్రాలు. ఒకటి, అర నిండా పుస్తకాలు కుక్కకూడదు, మూడోవంతు ఖాళీ వదలాలి. రెండు, కొన్ని పుస్తకాలు నిలబెట్టాలి, కొన్ని పడుకోబెట్టాలి. మూడు, మధ్యమధ్య బొమ్మలో, చిన్న పూలకుండీలో, పింగాణీ గిన్నెలో పెట్టాలి. అవి కూడా సరిసంఖ్యలో ఉండకూడదు, మూడో అయిదో ఉండాలి. నాలుగు, రంగులు కలవాలి. ఎర్ర అట్టలన్నీ ఒకచోట, నీలం అట్టలన్నీ ఒకచోట. అయిదోది వింటే మీరు నమ్మరు. అట్టల రంగులు ఎంతకీ కలవకపోతే పుస్తకాన్ని తిప్పి, వీపు గోడవైపుకూ కాగితాల అంచు మనవైపుకూ పెట్టమంటారు. అప్పుడు అరంతా ఒకటే లేత గోధుమ వన్నెలో ఉండి కంటికి హాయిగా ఉంటుందట. ఏది ఏ పుస్తకమో మాత్రం పెట్టినవాళ్ళకు కూడా తెలియదు.

న్యూయార్కులో 1927 నుంచి నడుస్తున్న స్ట్రాండ్ అనే పెద్ద పుస్తకాల షాపువాళ్ళు పుస్తకాల్ని అడుగుల లెక్కన కూడా అమ్ముతారు. మనం జాకెట్టు గుడ్డ కొన్నట్టు, లేత నీలం నాలుగడుగులు, తోలు బైండు ఆరడుగులు అని చెబితే కొలిచి ఇస్తారు. సినిమా సెట్టింగులకూ, హోటళ్ళకూ, కలవారి ఇళ్ళకూ అలా వెళుతుంటాయి. మనం నవ్వుకోవచ్చు గాని, ఆలోచిస్తే ఇందులో పెద్ద నష్టమేమీ లేదు. ఇంగ్లీషు పుస్తకాన్ని వీపు తిప్పి గోడకేసి పెట్టినా కొంప మునగదు. ఆ పుస్తకం చదవాలనిపిస్తే ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీ ఉన్నది. అక్కడ లేకపోతే పక్క ఊరినుంచి తెప్పించి పెడతారు. వాళ్ళకు ఇంట్లో అర అలంకారం, ఊళ్ళో లైబ్రరీ ఆధారం. మా ఊరి లైబ్రరీలో తెలుగు పుస్తకం ఒక్కటి కూడా లేదు. కనుక మాకు అలంకారమూ అదే, ఆధారమూ అదే. పేచీ అక్కడ మొదలయింది.

మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించుకొని వచ్చినదాన్ని. ఒక రాష్ట్రంలో రెసిడెన్సీ మూడేళ్ళు, వీసా షరతు కింద డాక్టర్లు దొరకని ఒక చిన్న ఊళ్ళో మూడేళ్ళు, తర్వాత ఈ ఊరు. ఇల్లు మారినప్పుడల్లా మొదట విప్పేవి వంటింటి పెట్టెలు, చివర విప్పేవి పుస్తకాల పెట్టెలు. ఆ పుస్తకాలైనా ఎన్ని? విమానంలో సూట్‌కేసు 50 పౌన్లు దాటకూడదు. ఆ యాభైలో ఆవకాయకు ఎంత, పుస్తకాలకు ఎంత అన్నది ప్రతి తెలుగింట్లోనూ జరిగే పంపకమే. ఆ పంపకంలో ఆవకాయ ఓడిపోవటం నేను ఎన్నడూ చూడలేదు. అలా చేరిన ముప్ఫై పుస్తకాలూ ఒక అరలో సర్దుకొని కూర్చున్నాయి. మిగతా అరల్లో మా మెడికల్ పుస్తకాలూ, మావారి ఇంజనీరింగు పుస్తకాలూ.

ఇంతలో ఒకేసారి పదకొండు పెట్టెల తెలుగు పుస్తకాలు మా ఇంటికి వచ్చాయి. అవి ఒక పెద్దాయనవి. 1965లో ఇక్కడి ఇమిగ్రేషన్ చట్టం మారిన తర్వాత వచ్చిన తొలి తరం డాక్టర్లలో ఆయన ఒకరు. పేరు రాస్తే ఆయనకు నచ్చదు. భార్య పోయిన తర్వాత కూతురుండే రాష్ట్రానికి వెళ్ళిపోతూ, నలభై ఏళ్ళు కాపురమున్న ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఇల్లు నలుగురికీ చూపించేముందు దాన్ని ‘స్టేజింగ్’ చెయ్యటం ఇక్కడి ఆనవాయితీ. నాటకానికి స్టేజీ కట్టినట్టే. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు వచ్చి అన్ని గదులూ చూసి, గోడల మీద కుటుంబం ఫొటోలు తీసెయ్యమన్నది, దేవుడి పటాలు తీసెయ్యమన్నది, హాల్లో గోడ పొడుగునా ఉన్న తెలుగు పుస్తకాలు తీసెయ్యమన్నది. కొనటానికి వచ్చినవాళ్ళు అది తమ ఇల్లేనని ఊహించుకోవాలిట. తెలియని లిపి కనబడితే ఎవరింటికో వచ్చామనిపిస్తుందిట. ఆమె తన వృత్తి ధర్మం చెప్పింది, అందులో దురుద్దేశమేమీ లేదు. ఖాళీ అయిన అరల్లో తెల్ల అట్టల పుస్తకాలు ఓ డజనూ, ఒక పింగాణీ కోడీ వెలిశాయి. ఇల్లు మంచి ధరకే పోయింది.

ఆయన పిల్లలు మంచివాళ్ళు. ఒక్క పుస్తకం పారెయ్యలేదు. కాని వాళ్ళకు తెలుగు చదవటం రాదు. ఏది ఉంచుకోవాలో, ఏది ఎవరికివ్వాలో వాళ్ళకెట్లా తెలుస్తుంది? నాకు ఫోన్ చేశారు. పెట్టెలు మా వ్యానులోకి ఎక్కిస్తుంటే పెద్దాయన పక్కన నిలబడి ఒక మాట అన్నారు.

“అమ్మా, అందంగా పెట్టకపోయినా ఫరవాలేదు, అందేట్టు పెట్టు. మేం అందంగానే పెట్టాం. దుమ్ము పడకుండా అద్దాల తలుపులు పెట్టించి తాళం వేశాం. మా పిల్లలకు అది గోడలాగే కనిపించింది.”

ఆ మాట పట్టుకొని మేం సర్దుడు మొదలుపెట్టాం.

అసలు ఈ దేశంలో తెలుగు పుస్తకాలే లేవని ఎవరూ అనుకోవద్దు. 1954లో వచ్చిన పబ్లిక్ లా 480 సంగతి మన పెద్దలకు గుర్తే. మన రేషను షాపులకు అమెరికా గోధుమలు వచ్చింది ఆ చట్టం కిందనే. ఆ గోధుమలకు మన ప్రభుత్వం కట్టిన రూపాయల్లో కొంత సొమ్ముతో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు వాళ్ళు 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచి, మన భాషల్లో అచ్చయ్యే పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపటం ప్రారంభించారు. షికాగో, విస్కాన్సిన్ లాంటి చోట్లకు తెలుగు పుస్తకాలు అలా చేరాయి. గోధుమలు మనం తిన్నాం, పుస్తకాలు వాళ్ళు దాచారు. ఆ దాచిన పుణ్యం తక్కువది కాదు. కాని అవి పరిశోధకుల చేతికి అందే అరలు. ఏడేళ్ళ పిల్లవాడి చేతికి అందే అర మన ఇంట్లోనే ఉండాలి.

కాబట్టి మేం మొదట కొలిచింది బీరువాను కాదు, మా అబ్బాయిని. కింది రెండు అరలూ వాడికి కేటాయించాం. పిల్లల కథలూ, చందమామ బైండ్లూ అందులో పెట్టాం. చందమామ 1947 జులైలో మొదలయింది. పెద్దాయన పెట్టెల్లో డెబ్భైల నాటి సంచికలు బైండు చేయించి ఉన్నాయి. సరిగ్గా అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. ఆవిడ చూసి ఆగిపోయారు.

“సరస్వతిని కాళ్ళ దగ్గర పెడతారటే అమ్మాయ్?”

“పిల్లాడికి అందాలి గదా అత్తయ్యా!”

ఆవిడ కాసేపు ఆలోచించి, “అందాలి, నిజమే. అయితే పీట వెయ్యండి” అన్నారు.

మావారు చెక్కలు కోసి, బీరువా కింద అరడుగు ఎత్తున పీఠం కట్టారు. సరస్వతికి కాలు తగలదు, వాక్యూమ్ క్లీనరు మూతీ తగలదు. షెల్ఫ్ స్టైలింగ్ పుస్తకాల్లో ఈ సూత్రం నాకెక్కడా కనబడలేదు గాని, గదికి దానివల్ల వచ్చినంత నిండుదనం మరి దేనివల్లా రాలేదు.

పీఠం ఎక్కిన బీరువాకు ఎత్తు పెరుగుతుంది. ఇక్కడ డాక్టరుగా ఒక మాట చెప్పాలి. పిల్లలకు బీరువా అరలు నిచ్చెన మెట్లలా కనబడతాయి. పై అరలో బొమ్మ కనబడితే కింది అర మీద కాలు పెట్టి ఎక్కుతారు. మా బీరువా స్వీడన్ వాళ్ళ బిల్లీ. ఐకియాలో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఆయన 1979లో రూపం కట్టింది. 1985లో ఫిలడెల్ఫియా దగ్గర ప్లిమత్ మీటింగ్‌లో వాళ్ళు అమెరికాలో మొదటి షాపు తెరిచిన తర్వాత ఇక్కడి కాపురాల్లోకీ వచ్చింది. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాల పైన, లోతు మాత్రం 11 అంగుళాలు. ఎత్తుకు తగ్గ పాదం లేదన్నమాట. పిల్లల మీద ఫర్నిచరు పడకుండా 2022 డిసెంబరులో ఇక్కడ స్టర్డీ అనే చట్టం వచ్చి, 2023 సెప్టెంబరు నుంచి అమలయింది. అయితే అది బట్టలు పెట్టుకునే సొరుగుల బీరువాలకే గాని పుస్తకాల బీరువాలకు వర్తించదు. కనుక మన జాగ్రత్త మనదే. గోడ లోపల నిలువు కర్రలు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి. బీరువా నెత్తిన ఇనప కొక్కెం పెట్టి ఆ కర్రలోకి మర బిగించాలి. ఉత్త గోడ అట్టలోకి బిగిస్తే పట్టు ఉండదు. బరువు పుస్తకాలు కింద, తేలికవి పైన. పిల్లల్ని ఊరించే బొమ్మలు పై అరల్లో పెట్టకూడదు. అరగంట పని. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ అరల అలంకారం ఇక్కడనుంచే మొదలుకావాలని నా మనవి.

రెండో జాగ్రత్త తేమ. మన పాత పుస్తకాలు చాలావరకు చవక న్యూస్‌ప్రింటు మీద అచ్చయినవి. ఎండ తగిలితే పచ్చబడి పెళుసెక్కుతాయి, తేమ తగిలితే బూజు పడతాయి. ఆ బూజు ఉబ్బసం ఉన్నవాళ్ళకు చెరుపు. ఇంట్లో గాలి తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిదని ఇక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది. ఆ అంకె చూపించే చిన్న మీటరు ఏ హార్డువేరు షాపులోనయినా దొరుకుతుంది. చోటు చాలలేదని పుస్తకాల్ని బేస్‌మెంటులోకి దింపటం మన ఇళ్ళలో మామూలు. వాన కురిసి పంపు ఆగిన రోజున మొదట మునిగేది అవే. కిటికీ ఎదురుగానూ పెట్టకూడదు, బయటి గోడకు పూర్తిగా ఆనించనూ కూడదు, వెనక రెండు వేళ్ళ సందు వదలాలి. సందు వదిలితే కొక్కెం పట్టదంటారేమో, మధ్యన చిన్న చెక్క వేసి బిగించవచ్చు.

ఇక వాళ్ళ అయిదు సూత్రాల్నీ మన పుస్తకాల మీద పరీక్షించి చూశాం. నిలబెట్టటం, పడుకోబెట్టటం అనేది మనకు భేషుగ్గా పనికొచ్చింది. నిఘంటువుల్లాంటి లావుపాటి పుస్తకాలు నిలబెడితే వాటి బరువుకు వాటి కుట్లే ఊడతాయి, పడుకోబెడితే నడుముకు సుఖం. సన్నటి పుస్తకాలు, మధ్యన పిన్ను కొట్టినవి, వాటికి వీపే లేదు. నిలబెడితే పక్కవాటి మధ్య ఇరుక్కొని మాయమైపోతాయి. వాటిని కవుల వారీగా అట్టపెట్టెల్లో నిలిపి, పెట్టె మీద పేరు తెలుగులో రాశాం.

డెమ్మీ సైజు పుస్తకం వెడల్పు అయిదున్నర అంగుళాలు. అవి ఒక వరసే పడతాయి. పాకెట్ పుస్తకాలు రెండు వరసలు పడతాయి గనుక ఆశ పుడుతుంది. కాని వెనక వరసలో పెట్టటమంటే అటక ఎక్కించటమే. అందుకని వెనక వరస కింద నాలుగంగుళాల చెక్క వేశాం. సినిమా హాల్లో నేల క్లాసు వెనక కుర్చీ క్లాసులాగా ఇప్పుడు వెనకవాళ్ళ తలలూ కనబడుతున్నాయి.

రంగుల సూత్రం మాత్రం ఒక్క పూట కూడా నిలవలేదు. ఎరుపంతా ఒకచోట చేర్చేసరికి రంగనాయకమ్మగారి పక్కకు వ్రతకల్పం వచ్చి కూర్చుంది. అత్తగారికి వ్రతకల్పం దొరకలేదు, నాకు రంగనాయకమ్మగారు దొరకలేదు. రచయితల పేర్ల ప్రకారమే పెట్టాం. బొమ్మల విషయంలో ఒకటే నియమం పెట్టుకున్నాం. బొమ్మ పుస్తకం పక్కన ఉండవచ్చు గాని ముందు ఉండకూడదు. మా కొండపల్లి ఎడ్లబండి పొణికి చెక్కది, తేలిక. అయినా అది పడుతుందేమోనన్న భయంతో వెనక పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోరు. మూడోవంతు ఖాళీ కూడా వదిలాం. అది కంటి కోసం కాదు, రాబోయే పుస్తకాల కోసం.

సర్దుతుండగా మాకు దొరికిన అసలు అందం అట్టల మీద లేదు, మొదటి పేజీల్లో ఉంది. మనవాళ్ళు పుస్తకం కొంటే మొదటి పేజీలో పేరు, ఊరు, తేదీ రాసుకోవటం అలవాటు. కొందరు వెల కూడా రాస్తారు. కొన్ని పెళ్ళి కానుకలు, కొన్ని స్కూల్లో వచ్చిన బహుమతులు. ఒకదాంట్లో పెద్దాయన భార్యగారి దస్తూరీతో ‘చదివి తిరిగి ఇవ్వగలరు’ అని ఉంది. మా అబ్బాయి మనబడి క్లాసుకు వెళుతున్నాడు. సిలికానాంధ్రవారు 2007లో మొదలుపెట్టిన బడి. గుణింతాలు పూర్తయి, ఒత్తుల దగ్గర తడబడుతున్నాడు. పుస్తకాలు అందిస్తూ అందిస్తూ ఒక పేజీ దగ్గర ఆగి, కూడబలుక్కొని, “తె... నా... లి” అని చదివాడు. తర్వాత, “నానమ్మా, ఇది నీ ఊరు!” అని అరిచాడు.

ఆ సాయంత్రం సర్దుడు ముందుకు సాగలేదు. వాడు ప్రతి పుస్తకం మొదటి పేజీ తిప్పి ఊళ్ళ పేర్లు వెతికాడు. బాపట్ల, ఏలూరు, గుడివాడ దొరికాయి. ఒత్తులున్న ఊళ్ళకు నానమ్మ సాయం వెళ్ళింది. ఇప్పటికీ వాడు చదివేది మొదటి పేజీ ఒక్కటే. రెండో పేజీకి ఎప్పుడు వెళతాడో, అసలు వెళతాడో లేదో నేను చెప్పలేను. పెద్దాయన పిల్లలు వాడికంటే తెలివితక్కువ వాళ్ళేమీ కారు. ఇద్దరూ పెద్ద చదువులు చదివారు. వాళ్ళకు లేనిదల్లా తాళం లేని అర, పక్కన కూర్చుని ఒత్తు పలికించే మనిషీ. ఈ రెండూ ఏర్పాటు చెయ్యటం వరకే తల్లిదండ్రుల వంతు.

పుస్తకాల్ని మనిషి చేతి దగ్గరకు తీసుకెళ్ళటం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణంగారు మా గుంటూరు జిల్లాలో పడవ మీద పుస్తకాలు పెట్టి, కాలువ వెంట పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య ఊళ్ళవాళ్ళకు అందించారు. లైబ్రరీకి రాలేని రైతుల దగ్గరకు లైబ్రరీనే తీసుకెళ్ళారు. ఇక్కడ మనకు కాలువలు లేవు గాని ఫ్రీవేలున్నాయి, పడవలు లేవు గాని ప్రతి ఇంట్లో రెండు కార్లున్నాయి. మా ఊరికి దగ్గరలోనే డెట్రాయిట్‌లో 1998లో సాహితీ సమితి పెట్టుకొని, నెలనెలా ఒక పుస్తకం చదివి చర్చించుకున్నవాళ్ళు ఉన్నారు. మనం అంత చెయ్యలేకపోయినా కొంత చెయ్యవచ్చు.

నా సూచన ఇది. ప్రతి ఇంటివారూ తమ దగ్గరున్న తెలుగు పుస్తకాల జాబితా ఒక నోటుబుక్కులో రాయండి. పుస్తకం పేరు, రచయిత, అంతే. ఆ జాబితా మీ పిల్లల కోసం ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయండి. రేపు అవసరమైతే ఏ పెట్టెలో ఏముందో వాళ్ళకు తెలియాలి. ఒక కాపీ సంఘానికి ఇస్తే కార్యదర్శిగారు అన్నీ కలిపి ఉంచుతారు. ఉగాదికీ దీపావళికీ హాలుకు వచ్చేటప్పుడు కారు డిక్కీలో పది పుస్తకాలు వేసుకురండి. భోజనాల బల్లల పక్కన ఒక బల్ల పరుద్దాం. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తుంటే, పుస్తకాలు పెట్టెల్లోకి వెళ్ళకముందే మనలో ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యండి.

మా గది ఇప్పుడు చూడటానికి ఎలా ఉందంటారా? ఫొటోలో పెట్టేటంత బాగా ఏమీ లేదు. పాకెట్ పుస్తకాల అరలో నాలుగైదు చోట్ల సందులు కనబడుతున్నాయి. అవి తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు నోటుబుక్కులో ఉన్నాయి. బీరువా పక్కనే మేకుకు ఆ నోటుబుక్కూ, దారం కట్టిన పెన్సిలూ వేలాడదీశాం. ఈసారి మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ తాగి అటువైపు రండి. చెప్పులు విప్పి వస్తే మా అత్తగారు సంతోషిస్తారు.